విరగకపోవడం వేరు, వంగకపోవడం వేరు

2023 నవంబరులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, పామ్ బీచ్ గార్డెన్స్ పట్టణంలో ఒక పెద్ద గుమ్మటం ఒక్క రాత్రిలో కుప్పకూలింది. టైగర్ వుడ్స్, రోరీ మెకిల్‌రాయ్ వంటి దిగ్గజాలు తలపెట్టిన టీజీఎల్ అనే గోల్ఫ్ లీగు కోసం అక్కడి కాలేజీ ఆవరణలో దాన్ని లేపారు. లోపలి గాలి ఒత్తిడే దాన్ని నిలబెట్టేది. కరెంటు పోయింది, ప్రత్యామ్నాయ ఏర్పాటూ చేతులెత్తేసింది, గాలి దిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, 2024 జనవరిలో మొదలుకావలసిన లీగు ఏడాది వెనక్కి జరిగి 2025 జనవరి 7న మొదలైంది. రెండోసారి కట్టినప్పుడు నిర్వాహకులు గాలిని పక్కనపెట్టి ఉక్కు చట్రం మీద కప్పు నిలిపారు.

ఆ గుమ్మటం లోపల భారీ తెర మీదికి ప్రపంచంలోకెల్లా బలంగా కొట్టగల ఆటగాళ్లు బంతులు బాదాలి. కూలేనాటికి లీగులో ఒక్క బంతి పడలేదు. పగలూ రాత్రీ తనమీద ఉండే సొంత బరువే దాన్ని పడేసింది. ఇంటి గరాజులో పదడుగుల చట్రం నిలబెట్టుకుని గోల్ఫ్ ఆడుకునేవాళ్ల కథ కూడా చాలావరకు ఇదే. వాళ్లు బంతి దెబ్బకు భయపడి సామాను కొంటారు. చట్రం మాత్రం బంతితో సంబంధం లేని కారణాలకు పాడవుతుంది.

ఇంటి గోల్ఫ్ సిమ్యులేటరులో పెద్ద రహస్యమేమీ లేదు. నేల మీద పచ్చిక లాంటి చాప, దానికి పదడుగుల దూరంలో దిట్టమైన పాలియెస్టర్ తెర, ఆ తెర మీద ప్రొజెక్టరు వేసే మైదానం బొమ్మ. బంతి తెరను తాకేలోపే ఒక కెమెరా గానీ రాడారు గానీ దాని వేగాన్ని, కోణాన్ని, తిరుగుడును కొలిచేస్తుంది. నిజంగా వదిలేసి ఉంటే ఆ బంతి ఎక్కడ పడేదో కంప్యూటరు లెక్కగడుతుంది. 2000లో మొదలైన గోల్ఫ్‌జోన్ వంటి సంస్థల పుణ్యమా అని దక్షిణ కొరియాలో ఇది వీధివీధికీ చేరిన వినోదం. అమెరికాలో మాత్రం ఇంట్లోకే వచ్చింది. చలి రాష్ట్రాల్లో బేస్‌మెంటులోకి, టెక్సాస్ లాంటి చోట్ల గరాజులోకి. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో పట్టణాన్నే చూడండి. వృత్తి గోల్ఫ్ శిక్షకుల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి అక్కడికి మార్చుకుంది. ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలకూ కొదవ లేదు. పిల్లల సైకిళ్లు, ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు ఓ గోడకు సర్ది, రెండో కారు ఎండలో పెట్టేసి, గరాజులో తెర కట్టుకునే ముచ్చట అక్కడ అందరికీ అర్థమవుతుంది.

తెరను పట్టుకునేందుకు ఒక పెట్టె లాంటి చట్రం కావాలి. వెనక తెర, రెండు పక్కలా పైనా నల్లటి గుడ్డ, వీటన్నిటికీ ఆధారంగా గొట్టాలో చెక్కలో. ప్రశ్నంతా ఆ గొట్టాలు దేనితో చేసినవై ఉండాలన్నదే.

ముందు బంతి సంగతి తేల్చేద్దాం. నిబంధనల ప్రకారం గోల్ఫ్ బంతి 45.93 గ్రాముల కంటే బరువుండకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. అగ్రశ్రేణి ఆటగాడు డ్రైవరు అనే కర్రతో కొడితే అది సెకనుకు దాదాపు 76 మీటర్ల వేగంతో, అంటే గంటకు 270 కిలోమీటర్లు దాటి దూసుకెళుతుంది. దాని గతిశక్తి సుమారు 133 జౌళ్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో ఫాస్ట్ బౌలరు వేసిన 160 గ్రాముల క్రికెట్ బంతిలో ఉండేది 121 జౌళ్లు. అంటే ఆ చిన్న తెల్ల బంతి బుమ్రా చేతినుంచి వచ్చే ఎర్ర బంతికి తీసిపోదు. తీరిక వేళల్లో ఆడే మనిషి కొట్టిన బంతి సెకనుకు 60 మీటర్ల వేగంతో వెళ్లినా 83 జౌళ్లు ఉంటుంది.

అయితే శక్తి ఎంతన్నది సగం సంగతే. దాన్ని ఎంత దూరంలో ఆపుతున్నామన్నది మిగతా సగం. ఆ 133 జౌళ్ల బంతి ఏమాత్రం లొంగని దాన్ని ఢీకొని ఒక్క సెంటీమీటరులో ఆగిందనుకుందాం. శక్తిని దూరంతో భాగిస్తే సగటు బలం 13,300 న్యూటన్లు, అంటే టన్నుకు పైగా బరువు మోపినంత. అదే బంతిని తెర ఒక అడుగు వెనక్కి సాగి ఆపితే సగటు బలం 440 న్యూటన్లకు, సుమారు 45 కిలోల బరువుకు దిగిపోతుంది. ఒక క్షణం పాటు అది రెట్టింపు కావచ్చు, అంతే. ఈ మొత్తం తతంగం సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఆ కాస్త బలం కూడా ఒకచోట పడదు. తెర అంచునున్న కన్నాల్లోంచి గొట్టాలకు తగిలించిన పాతిక ముప్పై సాగే తాళ్లు దాన్ని పంచుకుంటాయి. ఒక్కో తాడుకు వచ్చే వాటా చాలా స్వల్పం. తెర వెనక అడుగైనా ఖాళీ ఉంచమని తయారీదారులు చెప్పేది ఇందుకే. ఆ ఖాళీ లేకపోతే తెర వెనకున్న గోడే బంతిని ఆపుతుంది, లెక్క మళ్లీ టన్ను దగ్గరికి వెళుతుంది.

కాబట్టి బంతి చట్రానికి పెద్ద పరీక్ష కానే కాదు.

అసలు పరీక్ష ఆ సాగే తాళ్లే. బొమ్మ ముడతల్లేకుండా కనబడాలంటే తెరను నాలుగు వైపులా లాగి పట్టుకోవాలి. పదడుగుల పై గొట్టానికి అడుగుకొకటి చొప్పున పది తాళ్లు, ఒక్కోటి కిలోన్నర బలంతో కిందికి లాగుతున్నాయనుకుందాం. మొత్తం పదిహేను కిలోలు. పెద్ద బరువేం కాదు. కానీ ఆట లేని రోజునా, మీరు ఊరెళ్లిన నెలలోనూ, అర్ధరాత్రీ అది అక్కడే ఉంటుంది. బంతి పరీక్షించేది గొట్టం బలాన్ని, అంటే విరగకుండా ఉండే గుణాన్ని. తాడు పరీక్షించేది దాని దృఢత్వాన్ని, అంటే వంగకుండా ఉండే గుణాన్ని. ఈ రెండూ ఒకటి కావు. ప్లాస్టిక్ గొట్టం విరగడం కష్టం, వంగడం మహా తేలిక.

వంగకపోవడం రెండు విషయాల మీద ఆధారపడుతుంది. మొదటిది పదార్థ స్వభావం. శాస్త్రవేత్త థామస్ యంగ్ 1807లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో వివరించిన గుణకం దీన్నే కొలుస్తుంది. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియానికి 70, పీచు పొడవునా లాగితే పైన్ చెక్కకు పది అటూ ఇటూ, పీవీసీకి మూడు. పదార్థంగా చూస్తే ఉక్కు పీవీసీ కంటే దాదాపు డెబ్బై రెట్లు దృఢం. రెండోది ఆకారం. ఇక్కడ గెలీలియో దగ్గరికి వెళ్లాలి. 1638లో లైడెన్‌లో అచ్చయిన తన చివరి పెద్ద గ్రంథంలో ఆయన పక్షుల ఎముకలనూ రెల్లు కాడలనూ చూపించి, లోపల గుల్లగా ఉండటం వల్ల బరువు పెరక్కుండానే అవి గట్టిపడుతున్నాయని వాదించాడు. మన వెదురు కూడా ఆ జాబితాలోదే. పదార్థాన్ని నడిమధ్యలో పోగెయ్యడం దండగ, అంచులకు నెట్టాలి.

అమెరికాలో సొంతంగా సిమ్యులేటరు కట్టుకునేవాళ్ల ఇష్టమైన సామాను గెలీలియో మాటకు చక్కటి సాక్ష్యం. దాని పేరు ఎలక్ట్రికల్ మెటాలిక్ ట్యూబింగ్, పొట్టిగా ఈఎంటీ. ఇళ్లల్లో కరెంటు తీగలకు రక్షణగా వేసే జింకు పూత ఉక్కు గొట్టం. గోల్ఫ్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. అంగుళం రకం బయటి వ్యాసం 29.5 మిల్లీమీటర్లు, గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటరుకు కాస్త తక్కువ, మీటరు బరువు కిలో. అదే బరువున్న ఉక్కును గుల్ల చెయ్యకుండా కడ్డీగా పోస్తే వ్యాసం 13 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది, ఇంటి పునాదిలో వేసే పన్నెండు ఎంఎం చువ్వ కంటే కొంచెం లావు. గొట్టం ఆ కడ్డీ కంటే దాదాపు పది రెట్లు వంగకుండా నిలుస్తుంది. హోమ్ డిపో, లోవ్స్ లాంటి దుకాణాల్లో అది పదడుగుల ముక్కలుగా దొరుకుతుంది. చాలా ఇంటి సిమ్యులేటర్ల వెడల్పు పదడుగుల దగ్గరే ఆగడానికి ఇదీ ఒక కారణం. అంతకు మించితే రెండు ముక్కలు జోడించాలి, ఆ జోడింపు గొట్టంలో బలహీనమైన చోటవుతుంది. కార్ల్స్ ప్లేస్ వంటి అమ్మకందార్లు తెర, గుడ్డ, మూలల్లో మూడు గొట్టాలను కలిపే బిగింపులు పంపి, గొట్టాలు మాత్రం మీ ఊళ్లోనే కొనుక్కోమంటారు. పదడుగుల ఇనుమును పార్సిల్‌లో పంపడం కంటే అది తెలివైన పని.

ఇక ఒకే కొలతతో అన్నిటినీ తూచి చూద్దాం. పదడుగుల పై గొట్టం, రెండు చివర్లా ఆధారం, పొడవునా తాళ్లు లాగే పదిహేను కిలోలు, దానికి తోడు సొంత బరువు. మూలల బిగింపు ఇచ్చే కాస్త పట్టును లెక్కలోంచి తీసేద్దాం. అంగుళం ఈఎంటీ మధ్యలో సుమారు 26 మిల్లీమీటర్లు వంగుతుంది. కంటికి ఆనుతుంది గానీ తాళ్లు సర్దుకుంటే పని నడుస్తుంది.

నీళ్ల పైపుగా వాడే అంగుళం పీవీసీ, దిట్టమైన రకమే తీసుకున్నా, తాళ్లు కట్టకముందే సొంత బరువుకు 47 మిల్లీమీటర్లు దిగిపోతుంది. తాళ్లు కట్టాక లెక్క అరమీటరు దాటిపోతుంది. నిజానికి అంతదూరం వెళ్లదు, ఈలోపే తాళ్లు సడలి తెర ముడతలు పడిపోతుంది. ప్లాస్టిక్‌కు ఇంకో జబ్బు కూడా ఉంది. ఎడతెగని బరువు కింద అది నెలల తరబడి మెల్లమెల్లగా సాగుతూనే ఉంటుంది. మొదటి రోజు కొలిచిన వంపు ఆరో నెల వంపు కాదు. పైగా వేడికి మెత్తబడుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పైపులు ఒత్తిడి మీద వాడొద్దని తయారీదార్లే చెబుతారు. టెక్సాస్ ఎండాకాలంలో తలుపు మూసిన గరాజు అంతదాకా వెళ్లకపోయినా, ఆ దారిలోనే ఉంటుంది. ఉష్ణోగ్రత ముప్పై డిగ్రీలు మారితే మూడు మీటర్ల పీవీసీ దాదాపు 5 మిల్లీమీటర్లు పొడవు మారుతుంది, ఉక్కు ఒక మిల్లీమీటరు దగ్గరే ఆగుతుంది. చవకగా వచ్చిందని పీవీసీతో మొదలుపెట్టడం ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన పొదుపు. పిల్లలు మెత్తటి బంతులతో ఆడుకునే వలకైతే సరే.

అమెరికా ఇళ్ల గోడల్లో వాడే టూ బై ఫోర్ చెక్క ఈ పోటీలో ఆశ్చర్యపరుస్తుంది. పేరుకు రెండంగుళాలు నాలుగంగుళాలు, నిజానికి 38 మిల్లీమీటర్లు, 89 మిల్లీమీటర్లు. ఉక్కు ముందు చెక్క గుణకం ఇరవయ్యో వంతు. అయినా వెడల్పు ముఖం నిలువుగా ఉండేలా పెడితే అదే బరువుకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు మాత్రమే వంగుతుంది. అదే చెక్కను పడుకోబెట్టి పెడితే 19 మిల్లీమీటర్లు. సామానూ అదే, ఖర్చూ అదే, తిప్పి పెట్టినందుకు అయిదారు రెట్ల తేడా. పాత పెంకుటిళ్ల దూలాలను వడ్రంగులు ఎందుకు నిలువుగా వేసేవారో ఇక్కడ లెక్కతో సహా తెలుస్తుంది. చెక్క మోగదు కూడా. బంతి తగిలినప్పుడు ఇనప గొట్టాల్లో పుట్టే గణగణ చెక్క చట్రంలో వినబడదు. బేస్‌మెంటు పైగదిలో పసిబిడ్డ నిద్రపోతుంటే ఇది చిన్న విషయం కాదు. తేమ మారితే మెలి తిరగడం దాని లోపం. సరిగా ఆరని చెక్క కొంటే ఏడాదిలోపే చట్రం ఓ పక్కకు చూస్తుంటుంది.

అల్యూమినియం సంగతి కొంచెం వేరు. ఉక్కులో మూడో వంతు బరువు, మూడో వంతు దృఢత్వం. ఒకే కొలత గొట్టాలను పోలిస్తే లాభమేమీ కనబడదు. అయితే తేలికగా ఉంది కాబట్టి గొట్టాన్ని లావు చెయ్యొచ్చు, అక్కడ గెలీలియో సూత్రం పనిచేస్తుంది. 38 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 2 మిల్లీమీటర్ల గోడ తీసుకుంటే మీటరు బరువు 800 గ్రాముల లోపే, వంపు 15 మిల్లీమీటర్లు. ఈఎంటీ కంటే తేలిక, వంపూ తక్కువ. గాడులున్న అల్యూమినియం కడ్డీలు ఫ్యాక్టరీల్లో యంత్రాల చుట్టూ చూస్తుంటాం. వాటితో కడితే చట్రం ముచ్చటగా ఉంటుంది, ఎప్పుడంటే అప్పుడు విప్పుకోవచ్చు. ధర మాత్రం గుండె గట్టి చేసుకుని అడగాలి.

ఇంతా చేసి పదార్థం మార్చకుండానే వంపును పదహారో వంతుకు దించే ఉపాయం ఒకటుంది. దూలం వంపు దాని పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పొడవు సగమైతే వంపు పదహారో వంతు. అమెరికా ఇంట్లో పైకప్పు పలక వెనక పదహారు అంగుళాలకో ఇరవై నాలుగు అంగుళాలకో ఒక చెక్క దూలం ఉంటుంది. ఆ దూలానికి ఒక మరమేకు దించి, పై గొట్టం నడిమధ్యను ఒక పట్టీతో దానికి వేలాడదీస్తే చాలు. 26 మిల్లీమీటర్ల వంపు రెండు మిల్లీమీటర్ల లోపుకు వస్తుంది. గొట్టాల రకాల మీద గంటలు గంటలు వాదించుకునేవాళ్లలో చాలామంది ఈ పట్టీని మర్చిపోతారు.

నిలువు గొట్టాలకు వేరే గండం ఉంది. పక్క తాళ్లు వాటిని లోపలికి లాగుతాయి, పైగా చట్రం మొత్తం ఒక పక్కకు ఒరిగిపోయే ప్రమాదం ఉంది. నాలుగు భుజాల బొమ్మ మూలల దగ్గర కదిలితే వాలిపోతుంది. త్రిభుజం అలా వాలదు, మూడు పొడవులూ ఖాయమైతే ఆకారం ఖాయం. ఈఎంటీ చట్రాల మూలల్లో గొట్టాన్ని పట్టుకునేది రెండు మూడు చిన్న మరలే. అవి కాలక్రమంలో వదులవుతాయి. వెనక రెండు మూలల మధ్య ఏటవాలుగా ఒక గొట్టమో ఉక్కు తీగో వేస్తే ఆ బెడద తీరుతుంది. లేదా చట్రాన్ని గోడకు రెండు చోట్ల కట్టెయ్యాలి. వేశాక మూల నుంచి మూలకు టేపు పట్టి రెండు కర్ణాలూ కొలవాలి. అవి సమానంగా లేకపోతే చట్రం మూలమట్టంగా లేదు, తెర మీద బొమ్మా మూలమట్టంగా ఉండదు.

ప్రమాదం విషయానికొస్తే, చట్రంలో అన్నిటికంటే భయపడాల్సింది బాగా దృఢమైన గొట్టానికే. తెర శక్తిని మింగుతుంది, ఉక్కు తిప్పి కొడుతుంది. డ్రైవరుతో కొట్టిన బంతి పక్క గొట్టానికి నేరుగా తగిలితే పదడుగుల దూరంలో నిలబడ్డ మనిషి తల తిప్పుకునే వ్యవధి కూడా ఉండదు. అందుకే గొట్టాలు గుడ్డకు అవతలి వైపు ఉండాలి, ఆటగాడికి కనబడే అంచులన్నిటికీ మందపాటి ఫోమ్ తొడుగు వెయ్యాలి. వేడినీళ్ల పైపులకు చుట్టే నల్లటి ఫోమ్ గొట్టం దీనికి చక్కగా పనికొస్తుంది, ఈఎంటీ మీద సరిగ్గా ఎక్కుతుంది. కర్ర మడమకు తగిలిన బంతి కుడిచేతి ఆటగాడికి కుడివైపు అడ్డంగా పోతుంది. కాబట్టి కుడి గోడ గుడ్డ ముందుకు నాలుగైదు అడుగులు ఉండాలి. ఎడమచేతివాటం అతిథి వస్తే రెండు వైపులా.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇదే పని తలపెట్టినవాళ్లకు ఈఎంటీ వెతుక్కోవలసిన పనిలేదు. ఏ వెల్డింగ్ షాపుకైనా ఎమ్మెస్ (మామూలు ఉక్కు) స్క్వేర్ పైపు రోజూ వచ్చే సరుకు. 38 మిల్లీమీటర్ల చదరం, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్నది మన పరీక్షలో 7 మిల్లీమీటర్లే వంగుతుంది, ఈఎంటీలో మూడో వంతు కంటే తక్కువ. మీటరు బరువు 1.8 కిలోలు, కాస్త ఎక్కువే. పైపు ఆరు మీటర్ల పొడవున వస్తుంది, అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు. కాబట్టి కోతలు షాపులోనే పెట్టించుకోవాలి. అద్దె ఇల్లయితే మూలలను వెల్డింగ్ చేయించకుండా పలకలు పెట్టి బోల్టులు బిగించుకోవడం మేలు. శాశ్వతంగా ఉండేదైతే వెల్డింగే నయం, అతికిన మూల ఈఎంటీ మరల్లాగా వదులవదు. మన పైకప్పు కాంక్రీటు స్లాబు కాబట్టి మధ్య పట్టీకి దూలం వెతికే బాధ కూడా లేదు, యాంకరు బోల్టు ఎక్కడైనా దించొచ్చు. చెక్క చట్రం అనుకుంటే చెదలను తలుచుకోవాలి, అందులోనూ కింది అంతస్తులో.

ఒక హెచ్చరిక మాత్రం వెల్డరుకు చెప్పి తీరాలి. తుప్పు పట్టదని జింకు పూత ఉన్న జీఐ పైపు తెచ్చి అతికిస్తే ఆ వేడికి జింకు ఆవిరై తెల్లటి పొగ వస్తుంది. గాలాడని గదిలో దాన్ని పీల్చితే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు పట్టుకుంటాయి. వైద్యులు దీన్ని లోహపు పొగ జ్వరంగా గుర్తిస్తారు. పైగా అతికిన చోట పూత కాలిపోతుంది కాబట్టి సముద్రపు గాలి తగిలే విశాఖలో తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. మామూలు నల్ల పైపు తీసుకుని, బయట గాలిలో అతికించి, అతుకులు సాన పట్టించి, రెడాక్సైడ్ ప్రైమరు వేసి, ఆపైన నలుపు రంగు వేయించడం ఉత్తమం. ఆ నలుపు మెరుపు లేనిదై ఉండాలి. మెరిసే పెయింటు వేస్తే ప్రొజెక్టరు వెలుతురు గొట్టాల మీద పడి తెర అంచుల్లో తెల్లటి గీతలు కనబడతాయి.